పాత ఇంటి పెరట్లో నాణేల వేట: ఏ డిటెక్టర్ కొనాలి, ఎక్కడ మొదలుపెట్టాలి

వందేళ్లు దాటిన ఇంటి పెరట్లో పాత నాణేలు వెతకడానికి మెటల్ డిటెక్టర్ కొనబోతున్నారా? అయితే అట్టపెట్టె మీద రాసిన లోతు లెక్కలు పక్కన పెట్టండి. పాత ఇళ్ల దగ్గర చిక్కంతా చెత్తతోనే. ఎనిమిది అంగుళాల లోతులో ఒంటరిగా ఉన్న నాణెం కన్నా, నాలుగు అంగుళాల్లోనే తుప్పు మేకు పక్కన నక్కి ఉన్న నాణెం దొరకడం కష్టం. యంత్రానికీ యంత్రానికీ అసలు తేడా బయటపడేది అక్కడే. డబ్బు దేని మీద పెట్టాలి, దేని మీద మిగుల్చుకోవాలి అన్నది కూడా దాన్నిబట్టే తేలుతుంది.

అమెరికాలో, అందులోనూ న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, మసాచుసెట్స్, వర్జీనియా వైపు ఉండే మనవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. పాత ఇళ్లు చేతికందేదీ, సొంత పెరట్లో డిటెక్టర్ తిప్పితే చట్టం పెద్దగా అడ్డుపడనిదీ అక్కడ కాబట్టి. మన ఊళ్లో తాతగారి ఇంటి సంగతి పూర్తిగా వేరు, అది తర్వాత చెబుతాను.

ముందు ఇంటి వయసు, తర్వాతే యంత్రం

అమెరికా నాణేలకు 1964 ఒక గీత. అప్పటిదాకా డైమ్ (పది సెంట్లు), క్వార్టర్ (పాతిక సెంట్లు), హాఫ్ డాలర్ 90 శాతం వెండి. 1965 నుంచి డైమ్, క్వార్టర్లలో వెండి పూర్తిగా తీసేశారు. కాబట్టి ఆ గీతకు ముందు ఎన్నేళ్లు మనుషులు కాపురం ఉన్నారన్నదే మీ పెరటి విలువ.

1920ల నుంచి 1950ల మధ్య కట్టిన ఇల్లయితే మెర్క్యురీ డైమ్‌లు (1916–1945), వెనకవైపు గోధుమ కంకులున్న సెంట్లు (1909–1958), బఫెలో నికెల్స్ (1913–1938) దొరికే అవకాశం ఉంటుంది. 1880ల నాటి ఇల్లయితే వీటికి తోడు ఇండియన్ హెడ్ సెంట్లు (1859–1909), బార్బర్ డైమ్‌లు, అదృష్టం బాగుంటే సీటెడ్ లిబర్టీ వెండి. ఇంకా వెనక్కి, 1780ల ఇల్లయితే కథే మారిపోతుంది. 1857 వరకు స్పానిష్ వెండి రియాల్‌లు అమెరికాలో చట్టబద్ధంగా చెల్లాయి. న్యూజెర్సీ రాష్ట్రం 1786 నుంచి 1788 వరకు సొంతంగా రాగి నాణేలు వేయించింది. ఒకవైపు గుర్రం తల, దాని కింద నాగలి. అరిగిపోయిన నాణెం మీద కూడా ఆ గుర్రాన్ని గుర్తుపట్టవచ్చు.

ఇల్లు ఎంత పాతదైతే అంత మంచిదని ఇదంతా చదివితే అనిపిస్తుంది. మొదలుపెట్టేవాళ్లకు మాత్రం నేను 1920–1950 ఇంటినే సూచిస్తాను. జనం చేతుల్లో చిల్లర ఎక్కువగా ఆడిన కాలం అది, నేలలో ఇనుము కాస్త తక్కువ. 1780ల ఇంటి దగ్గర నాణేల కన్నా చదును గుండీలు, సీసపు తూటాలు, గుర్రపు జీను బకిల్‌లు ఎక్కువ వస్తాయి. అవి చరిత్ర కాదని కాదు, కానీ రోజంతా తవ్వి నాలుగు గుండీలతో ఇంటికొస్తే మొదటి నెలలోనే ఉత్సాహం పోతుంది.

ఇంటి వయసు ఒక్కటే చూసి మోసపోకూడదు. 1850లో కట్టిన ఇంటి చుట్టూ 1990లో లారీలతో మట్టి పోయించి లాన్ వేసి ఉండవచ్చు. అప్పుడు మీ నాణేలు అడుగు లోతు కొత్త మట్టి కింద ఉన్నట్టు, ఏ యంత్రమూ అందుకోదు. పాత చెట్టు మొదలు చూడండి. వేళ్లు మొదలయ్యేచోట కాండం వెడల్పు కాకుండా కరెంటు స్తంభంలా నిటారుగా మట్టిలోకి దిగిపోయి ఉంటే అక్కడ మట్టి పోశారనే అనుమానించాలి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో శాన్‌బోర్న్ పటాలు ఉచితంగా దొరుకుతాయి. అగ్నిప్రమాద బీమా కంపెనీల కోసం 1867 నుంచి గీసినవి, పట్టణాల్లో ఏ ఇంటి వెనక ఏ పాక ఉండేదో కూడా చూపిస్తాయి. డిటెక్టర్ కొనకముందే ఒక సాయంత్రం వాటి మీద పెట్టండి.

మూడు ధరలు, మూడు రకాల యంత్రాలు

ఈ పనికి వాడేవన్నీ దాదాపు ఒకే సూత్రం మీద నడుస్తాయి. కర్ర చివర నేల మీద తిప్పే పళ్లెం లాంటి భాగాన్ని కాయిల్ అంటారు. అందులోని ఒక తీగచుట్ట అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది, లోహంలో పుట్టిన సుడి ప్రవాహాలు తిరిగి పంపే స్పందనను రెండో చుట్ట వింటుంది. ఆ స్పందన ఎంత ఆలస్యంగా వచ్చిందన్నదాన్నిబట్టి ఇనుమా, వెండా, అల్యూమినియమా అని యంత్రం అంచనా వేసి ఒక అంకె చూపిస్తుంది. అంచనా అన్న మాట గుర్తుపెట్టుకోండి. కూల్‌డ్రింక్ డబ్బా రింగు, ఐదు సెంట్ల నికెల్, బంగారు ఉంగరం దాదాపు ఒకే అంకెల మధ్య పడతాయి. 1982 తర్వాతి జింక్ సెంటు, వందేళ్ల కిందటి ఇండియన్ హెడ్ సెంటు కూడా చాలా యంత్రాల్లో పక్కపక్కనే వస్తాయి. ఎంత ఖరీదైన యంత్రమైనా ఈ రెండు చిక్కులనూ విప్పలేదు. తవ్వి చూడాల్సిందే.

300 డాలర్ల చుట్టుపక్కల దొరికేవి ఒకసారికి ఒకే ఫ్రీక్వెన్సీ (ఆ అయస్కాంత క్షేత్రం సెకనుకు ఎన్నిసార్లు మారుతుందన్న లెక్క) మీద పనిచేసే యంత్రాలు. గారెట్ ఏస్ 300, నోక్టా సింప్లెక్స్ అల్ట్రా, మైన్‌ల్యాబ్ ఎక్స్‌టెర్రా ప్రో ఈ వరసలోవి. ఏస్ నేర్చుకోవడానికి అన్నిటికన్నా తేలిక, మామూలు పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తుంది, పిల్లల చేతికి ఇవ్వడానికి బాగుంటుంది. కానీ నేల స్వభావానికి తగ్గట్టు దాన్ని సర్దుకునే వీలు లేదు. వర్జీనియా, జార్జియాల్లో ఎర్రమట్టి నిండా ఇనుప ఖనిజమే. అక్కడ ఇలాంటి యంత్రం లోతు కోల్పోతుంది, అంకెలు తప్పు చెబుతుంది. సింప్లెక్స్‌లో, ఎక్స్‌టెర్రాలో ఆ సర్దుబాటు ఉంది, తడిసినా ఫరవాలేదు, ఛార్జింగ్ బ్యాటరీ ఉంది. ఎక్స్‌టెర్రాలో 5, 8, 10, 15 కిలోహెర్ట్జ్‌లలో ఏదో ఒకటి మీరే ఎంచుకోవచ్చు. పెద్ద వెండి నాణేలకు తక్కువ ఫ్రీక్వెన్సీ, పల్చటి చిన్న నాణేలకు ఎక్కువ ఫ్రీక్వెన్సీ అనుకూలం. ఈ ధరలో నేనైతే ఏస్ జోలికి పోను, పదేళ్ల పిల్లాడితో కలిసి తిరగాలనుకుంటే తప్ప.

మధ్య ధరలోవి ఒకేసారి అనేక ఫ్రీక్వెన్సీలు వాడేవి. మైన్‌ల్యాబ్ వాన్‌క్విష్ 540, నోక్టా లెజెండ్, మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 700, 900. పాత ఇంటి పెరడు అన్న ఒక్క అవసరానికి డబ్బు పెట్టదగ్గ చోటు ఇదే. ఒకటికి పైగా ఫ్రీక్వెన్సీలతో చూసినప్పుడు ఇనుమేదో నాణెమేదో తేల్చడానికి యంత్రానికి ఎక్కువ ఆధారాలు దొరుకుతాయి. ఎర్రమట్టిలోనూ తొణకదు. రెండోది, ఇంకా ముఖ్యమైనది, ఒక వస్తువును విన్న తర్వాత పక్క వస్తువును వినడానికి తేరుకునే వేగం. ఈక్వినాక్స్‌లో, లెజెండ్‌లో ఆ వేగాన్ని మనమే మార్చుకోవచ్చు. మేకుల మధ్య దాన్ని పెంచితే లోతు కాస్త తగ్గుతుంది, కానీ మేకుకూ మేకుకూ మధ్య ఉన్న నాణెం గొంతు వినిపిస్తుంది. వాన్‌క్విష్‌లో ఈ మార్పులేవీ మన చేతిలో ఉండవు. ఆన్ చేసి తిప్పడమే. సెట్టింగుల మెనూ చూస్తే విసుగొచ్చేవాళ్లకు అదే దాని గొప్పతనం. తెర, బటన్లు ఉండే దాని కంట్రోల్ పెట్టె వానకు తడవకూడదన్నది ఒక్కటే లోటు.

లెజెండా, ఈక్వినాక్సా అన్న వాదనకు అంతులేదు. నా అభిప్రాయం అడిగితే, కొత్తది కొనేవాళ్లకు ధరనుబట్టి లెజెండ్ మెరుగు. సెకండ్ హ్యాండ్‌లో మంచి స్థితిలో ఉన్న ఈక్వినాక్స్ 800 దొరికితే దాన్ని వదలకండి. 2018లో వచ్చిన యంత్రమే అయినా పెరటి పనికి ఇప్పటికీ ఏ లోటూ లేదు.

అన్నిటికన్నా ఎక్కువ ధరలోవి ఎక్స్‌పీ డ్యూస్ 2, మైన్‌ల్యాబ్ మాంటికోర్. విడుదలైనప్పుడు వెయ్యిన్నర డాలర్లు దాటినవి. బాగుంటాయి, అందులో సందేహం లేదు. ముఖ్యంగా డ్యూస్ 2 చాలా తేలిక, కాయిల్‌కు తీగే ఉండదు, ఇనుము దట్టంగా ఉన్నచోట దాని వేగం ముచ్చటేస్తుంది. కానీ మొదటి యంత్రంగా కొంటే ఆ శక్తిలో సగం కూడా వాడలేరు. మెర్క్యురీ డైమ్‌లో వెండి ఔన్సులో పదోవంతు కూడా లేదు. మామూలు సంవత్సరాలవి వెండి ధరకే పోతాయి. డెన్వర్ టంకశాలలో 1916లో వేసిన 2,64,000 డైమ్‌లలో ఒకటి దొరికితే తప్ప యంత్రం ఖర్చు తిరిగొస్తుందని లెక్కలు వేసుకోకండి.

కాయిల్ మార్చండి, యంత్రం మార్చకండి

చాలామంది పట్టించుకోనిది ఇక్కడే. దాదాపు అన్ని యంత్రాలతోనూ పది, పదకొండు అంగుళాల కాయిల్ ఇస్తారు. పొలానికి, పార్కుకు అది సరిపోతుంది. ఇంటి గోడ పక్కన దాని కింద ఒకేసారి ఐదారు లోహపు ముక్కలు ఉంటాయి. సంతలో నలుగురు ఒకేసారి కేకలేస్తుంటే ఎవరేమంటున్నారో తెలియనట్టు, యంత్రానికి ఏ ఒక్కటీ స్పష్టంగా వినిపించదు. ఆరంగుళాల కాయిల్ వేస్తే దాని కింద ఒకటో రెండో ఉంటాయి. లోతు రెండు అంగుళాలు తగ్గితే తగ్గనివ్వండి.

అందుకే కొనేటప్పుడు చిన్న కాయిల్ ధర కూడా కలిపి పోల్చాలి. ఈక్వినాక్స్ 900తో ఆరంగుళాల కాయిల్ కలిపే ఇస్తారు, 700తో ఇవ్వరు. వాన్‌క్విష్ 540 ప్రో ప్యాక్‌లో ఎనిమిది అంగుళాల పొడవు, ఐదు అంగుళాల వెడల్పున్న చిన్న కాయిల్ వస్తుంది. ఈ ఒక్క కారణం చేతే పెరటి వేటకు ఆ ప్యాక్ మంచి బేరం. లెజెండ్‌కు చిన్నది విడిగా కొనుక్కోవచ్చు. 300 డాలర్ల యంత్రానికి చిన్న కాయిల్ తగిలిస్తే, పెద్ద కాయిల్‌తో ఉన్న వెయ్యి డాలర్ల యంత్రానికి దొరకనివి కొన్ని ఇంటి గోడల పక్కన దొరుకుతాయి.

కరెంటు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇంటి దగ్గర భూగర్భ తీగలు, వైఫై, పక్కింటి ఎల్‌ఈడీ దీపాలు అన్నీ యంత్రాన్ని కలవరపెడతాయి. ఊరికే కీచుకీచుమంటుంటే యంత్రం పాడైందనుకోకండి. నాయిస్ క్యాన్సిల్ (చుట్టుపక్కల గోలను తప్పించే బటన్) నొక్కి, సెన్సిటివిటీ తగ్గించండి. చిన్న కాయిల్ ఇక్కడ కూడా నయం, ఆ గోల తక్కువ పడుతుంది.

తర్వాత పిన్‌పాయింటర్. గుంతలో చేత్తో పట్టుకుని నాణెం ఏ మూల ఉందో చూపించే చిన్న కర్ర. గారెట్ ప్రో పాయింటర్ ఏటీ లాంటిది మీ బడ్జెట్‌లో ముందే పెట్టుకోండి. ఇది లేకపోతే గుంత రెట్టింపు పెద్దదవుతుంది, లాన్ పాడవుతుంది, పలుగు అంచు తగిలి నాణెం మీద గీత పడుతుంది. డిటెక్టర్ ధరలో వంద డాలర్లు తగ్గించుకునైనా సరే ఇది కొనాలి. ఒకవైపు పళ్లున్న చేతి పలుగు, మట్టి పోయడానికి పాత తువాలు చాలు మిగతావాటికి.

పెరట్లో ఏ మూల

వీధి నుంచి ముందు గుమ్మానికి వెళ్లే దారి పక్కన మొదలుపెట్టండి. తర్వాత బట్టలారేసే తీగ ఉన్న చోటు. స్తంభాలు లేకపోయినా వాటిని పాతిన కాంక్రీటు దిమ్మలు మిగిలి ఉంటాయి. జేబుల్లో మరిచిపోయిన చిల్లర అక్కడే రాలింది. పెద్ద చెట్టు నీడ, పిల్లలు ఊగిన ఊయల కింద, పాత పశువుల కొట్టం తలుపు దగ్గర కూడా బాగుంటాయి.

పునాది గోడను ఆనుకుని మొదటి నాలుగడుగులు మాత్రం ఆఖరికి వదిలిపెట్టండి. నాణేలు లేవని కాదు. మేకులు, రేకులు, గాజు, ఇవన్నీ అక్కడే ఎక్కువ. ఇంకో కారణం కూడా ఉంది. అమెరికాలో ఇళ్లకు సీసం కలిసిన రంగు వాడకాన్ని 1978లో నిషేధించారు. అంతకుముందు ఇళ్ల గోడల నుంచి రాలిన రంగు పొట్టు చూరు నీళ్లు పడే ఆ పట్టీలోనే పేరుకుంటుంది. తవ్వేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి, ఆ బట్టలతో వంటింట్లోకి వెళ్లకండి, చిన్నపిల్లలను ఆ పట్టీలో తవ్వనివ్వకండి.

వరండా కింద దూరగలిగితే దూరండి. చెక్క పలకల సందుల్లోంచి జారిన నాణేలు అక్కడ అంగుళం లోతులోనే ఉంటాయి. మోకాళ్లు నొప్పెడతాయి, సాలెగూళ్లు మొహానికి తగులుతాయి. ముందువాళ్లు వదిలేసిందీ అందుకే.

కాలమూ ముఖ్యమే. వాన పడి మట్టి తడిగా ఉన్నప్పుడు సిగ్నల్ బాగుంటుంది, తవ్విన గడ్డి బతుకుతుంది. వసంతం, ఆకురాలే కాలం మంచివి. జూలై ఎండలో తవ్విన గడ్డిముక్క రెండు రోజుల్లో పసుపెక్కుతుంది. ఎప్పుడు తవ్వినా గడ్డిని మూడు వైపులే కోసి, నాలుగో వైపు అంటిపెట్టి తలుపులా తెరవాలి. మట్టి తువాలు మీద పోసి, నాణెం తీశాక తిరిగి అందులోనే పోసి, గడ్డిని మూసి కాలితో నొక్కాలి.

సొంత పెరడా, ఎదుటివాళ్లదా

సొంత ఇల్లయితే ముందు 811కు ఫోన్ చేయండి. గ్యాస్, కరెంటు, నీటి గొట్టాలు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టి వెళ్తారు. మీరే వేయించుకున్న స్ప్రింక్లర్ గొట్టాలు, కుక్క కోసం పాతిన తీగ వాళ్ల లెక్కలోకి రావు. అవి మీరే చూసుకోవాలి.

ఇల్లు నేషనల్ రిజిస్టర్ ఆఫ్ హిస్టారిక్ ప్లేసెస్‌లో ఉంటే తవ్వకూడదేమోనని కొందరు భయపడతారు. ప్రైవేటు యజమానికి ఆ జాబితా ఒక్కటే అడ్డు కాదు. అడ్డుపడేవి వేరే ఉన్నాయి: దస్తావేజులో సంరక్షణ ఒప్పందం ఏదైనా ఉందేమో, స్థానిక చారిత్రక జిల్లా నియమాలు ఏమంటున్నాయో చూసుకోండి. టౌన్‌హౌస్ అయితే పెరడు మీదో ఇళ్ల యజమానుల సంఘానిదో తేల్చుకోండి. నేషనల్ పార్కులకు డిటెక్టర్‌ను తీసుకెళ్లడమే నేరం. మిగతా ఫెడరల్ నేలలో వందేళ్లు దాటిన పురావస్తువులకు 1979 చట్టం కాపలా ఉంది. పాత కుటుంబ సమాధులేమైనా కనిపిస్తే అక్కడ ఆపేయండి.

పక్కవాళ్ల పెరడంటే మనవాళ్లకు తలుపు కొట్టడమే మొహమాటం. నిజానికి పాత ఇంట్లో ఉండే పెద్దవాళ్లు చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు, వాళ్లకూ తమ ఇంటి కథ వినాలని ఉంటుంది. దొరికినవాటిలో ఎవరికేమిటన్నది తవ్వకముందే కాగితం మీద రెండు వాక్యాలు రాసుకోండి. స్నేహం చెడేది ఆ రెండు వాక్యాలు లేకనే. అద్దె ఇంట్లో ఉంటే యజమాని అనుమతి తప్పనిసరి.

ఇంగ్లండ్‌లో ఉండేవాళ్ల లెక్క వేరు. 1996 ట్రెజర్ చట్టం కిందకు వచ్చేది దొరికితే 14 రోజుల్లో కరోనర్ అనే స్థానిక అధికారికి తెలియజేయాలి. రక్షిత స్థలాల్లో అనుమతి లేకుండా డిటెక్టర్ వాడటమే నేరం.

ఇక మన ఊరి సంగతి. సెలవులకు వెళ్తూ డిటెక్టర్‌ను సూట్‌కేసులో పెట్టుకుని తాతగారి పెంకుటిల్లు వెతుకుదామనుకునేవాళ్లకు నా సలహా ఒక్కటే, వద్దు. 1878 నాటి భారత నిధి చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. నేలలో దాగి ఉన్నది, పది రూపాయలకు మించిన విలువ గలది ఏది దొరికినా కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి. సొంత ఇల్లని మినహాయింపు లేదు. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, దాన్ని దేశం దాటించకూడదు. అసఫ్‌జాహీ నాణెమో ఈస్టిండియా కంపెనీ కాణీయో జేబులో వేసుకుని హైదరాబాద్ ఎయిర్‌పోర్టుకు వెళ్లడం తెలివైన పని కాదు. పైగా గుప్తనిధుల పేరుతో గుళ్లు తవ్వే ముఠాల వార్తలు మన రెండు రాష్ట్రాల్లోనూ తరచూ వస్తూనే ఉంటాయి. రాత్రిపూట పాడుబడ్డ ఇంట్లో యంత్రంతో కనబడితే మీరు హాబీ అని చెప్పినా ఊరు నమ్మదు, పోలీసులూ నమ్మరు.

ఎవరికి ఏది

అసలు నచ్చుతుందో లేదో తెలియనివాళ్లు, 1950ల ఇల్లున్నవాళ్లు ఎక్స్‌టెర్రా ప్రో లేదా సింప్లెక్స్ అల్ట్రా తీసుకుని, మిగిలిన డబ్బు పిన్‌పాయింటర్ మీద పెట్టండి. బటన్లంటే పడనివాళ్లకు, ఇంటిల్లిపాదీ వాడుకోవడానికి వాన్‌క్విష్ 540 ప్రో ప్యాక్. 1900కు ముందు ఇల్లు, నేల నిండా మేకులు, ఒకటి రెండేళ్లు దీని మీదే ఉంటామన్న నమ్మకం ఉంటే చిన్న కాయిల్‌తో లెజెండ్ గానీ ఈక్వినాక్స్ 900 గానీ. డ్యూస్ 2 సంగతి ఆ తర్వాత, మీ పెరడు ఖాళీ అయిందని మీకు అనిపించినప్పుడు ఆలోచించవచ్చు. అప్పటికి మీకు ఏం కావాలో మీకే తెలుస్తుంది.

దొరికిన నాణేన్ని బట్టతో రుద్దకండి. వెండిదైతే నీళ్లలో కడిగి ఆరనివ్వండి. పాత రాగికి నీళ్లు కూడా వద్దు, మట్టి ఎండాక మెత్తటి బ్రష్‌తో మెల్లగా దులపండి. మెరిపించిన నాణేన్ని కొనడానికి సేకర్తలు సాధారణంగా వెనకాడతారు.

కొనేటప్పుడు చివరి జాగ్రత్త ఒకటి. ఆన్‌లైన్‌లో సగం ధరకే సరికొత్త మైన్‌ల్యాబ్, సరికొత్త గారెట్ పిన్‌పాయింటర్ అని కనిపించేవాటిలో నకిలీలు ఉంటున్నాయి. కంపెనీ వెబ్‌సైట్‌లో అధీకృత డీలర్ల జాబితా ఉంటుంది, అమ్మేవాళ్ల పేరు అందులో ఉందో లేదో చూడండి. సెకండ్ హ్యాండ్ అయితే సీరియల్ నంబరు అడిగి, వారంటీ బదిలీ అవుతుందో లేదో కంపెనీనే అడగండి. వీలైతే డబ్బు ఇచ్చేముందు అమ్మేవాళ్ల పెరట్లోనే ఒక డైమ్‌ను, దాని పక్కన ఒక తుప్పు మేకును నేల మీద పెట్టి కాయిల్ తిప్పి చూడండి.